ఉప్పు కడిగిన గవ్వలు

ఉదయం తొమ్మిదీ నలభైకి టెక్కలిలో మా వదిన వాళ్ళ వీధి కుళాయికి నీళ్ళొచ్చాయి. ఆమె రెండు బిందెలు పట్టుకుని వెళ్ళింది. తిరిగి రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో నేను చేసిన పనిని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా వాళ్ళెవరికీ చెప్పలేకపోయాను. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల చివరి మాట. డిసెంబరు నెల, శనివారం. అప్పుడు నేను పలాసలో టీచరుగా ఉండేదాన్ని. సెలవు దొరికితే బస్సెక్కి అన్నయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. నిజానికి వెళ్ళేది వదిన కోసం. నా భర్త పోయిన ఏడాది అందరూ నన్ను తినమని బతిమాలేవారు. వదిన బతిమాలలేదు. రెండు కంచాల్లో వడ్డించి, నా పక్కన కూర్చుని తను తినేది. కాసేపటికి నేనూ తినేదాన్ని. నేను మళ్ళీ బతకడం అలా మొదలైంది.

వదిన తోట అంటే అరుగు పక్కన నాలుగు గజాల నేల. చుట్టూ జీడి, కొబ్బరి పెంచే ఊళ్ళుంటే ఆమె కాయని చెట్లు పెంచేది. కడియం నర్సరీల నుంచి తెప్పించిన పొట్టి తూజా మొక్కలు, నేలబారుగా పాకే జునిపర్, సిమెంటు తొట్టిలో నడుమెత్తు క్రిస్మస్ చెట్టు. వాటి మధ్య నల్లరాళ్ళు సగం పాతి కొండలు చేసింది. కొండల నడుమ దారులకు గవ్వలు పరిచింది. ఆ గవ్వలు భావనపాడు నుంచి చేపలు తెచ్చే ఎర్రమ్మ ఇచ్చినవి. ఉప్పు తగిలితే ఆ మొక్కలు మాడతాయి. అందుకని వదిన గవ్వల్ని వారం రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టేది. ఒకటి తీసి నాలుకకు ఆనించి, ఉప్పు లేదనుకున్నాకే పరిచేది.

"పూత లేదు, కాత లేదు. ఏటమ్మా దీనికింత గారం?" అనేది ఎర్రమ్మ, అరుగు మీద గంప దించుతూ.

"నీ మొగుణ్ణి నువ్వు గారం సెయ్యట్లేదేటే?" అనేది వదిన. ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు.

టెక్కలిలో మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ సరుగుడు కొమ్మ నరికి తెచ్చి నిలబెట్టేవారు. ఆ ఏడు వదిన చెట్టు తొట్టితో సహా వెళ్ళాలి. ఏడేళ్ళు పెంచిన చెట్టు. దాని కొనకు నక్షత్రం కడతారు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు గానీ, రోజూ తడిగుడ్డతో దాని ఆకులు తుడిచేది.

అంతకుముందే నాకు దాని పక్క కొమ్మ ఒకటి ఇచ్చింది. పలాసలో నాటాను. బతికింది, కానీ పక్కకే పాకింది. ఆ చెట్టు గుణమే అంత. పక్క కొమ్మ నాటితే పక్కకే పోతుంది, తల నాటితేనే నిటారుగా లేస్తుంది. చెట్టు అరుగు కప్పును అందుకున్నాక తల నీకే ఇస్తానంది వదిన.

నేను ఆగలేకపోయాను. ఎందుకు? మొక్క మీద ఆశేనా? చాలాసార్లు ఆశే అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ ఇంట్లో అన్నీ నిలబడే ఉన్నాయి, మనిషి, నవ్వు, చెట్టు, నా ఇంట్లో ఆ ఒక్క మొక్క కూడా నిలబడదా అన్న కుళ్ళు నాలో ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అంత పెట్టిన మనిషి మీద కుళ్ళు.

బ్లేడుతో కొన కోశాను. తడి రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. వేళ్ళకు జిగురంటుకుంది. అంతలో ఎర్రమ్మ వచ్చి ఎప్పటి చోటనే, అరుగు మీద తొట్టి పక్కగా, గంప దించింది. వెనకే వదిన వచ్చింది. చెట్టును చూసి, బిందెలు కింద పెట్టేసింది.

"ఏటే ఎర్రమ్మా, గంప సూసి దించలేవా?"

"రోజూ దించిన సోటేనమ్మా. నా గంప తగల్లేదు."

"మరి గాలొచ్చి ఇరిసేసిందా?"

"తగిల్తే ఇరుగుద్ది గానీ, ఇలా తెగుద్దేటమ్మా?"

అని నా వైపు చూసింది. నా చేతివేళ్ళ వైపు. నేను చేతిని కొంగులో దాచుకున్నాను. ఎర్రమ్మ చూపు గంప మీదకు తిప్పుకుంది.

"తగిలిందేమోలెండమ్మా. కళ్ళు సరిగా అగుపించట్లేదు," అంది.

ఇక గేటు బయటే నిలబడి అమ్ముకోమంది వదిన. ఎర్రమ్మ గంప ఎత్తుకుంది. ఆ తరవాత ఆ వీధికే రాలేదు. నేను నోరు తెరిస్తే ఒక్క మాటలో ఆగిపోయేది. తెరవలేదు.

ఆ క్రిస్మస్‌కి వదిన వెదురుపుల్ల కట్టి, దానికి నక్షత్రం తగిలించింది. నేను కోసుకెళ్ళిన తల ఇరవై రోజులకు కుళ్ళిపోయింది. టెక్కలిలో వదిన చెట్టుకు రెండు వంకర కొనలు పుట్టాయి. చేప కొన్నప్పుడల్లా వదిన, "ఎర్రమ్మయితే పొలుసు తీసిచ్చేది," అనేది. అన్నేళ్ళూ నేను విన్నాను. అన్నేళ్ళూ ఆమె నాకు వడ్డించింది.

కొన్నేళ్ళకు, ఒక ఎండాకాలం, వదిన పోయింది. సమాధి దగ్గర అందరూ వెళ్ళాక ఎర్రమ్మ వచ్చింది. కొంగు విప్పి గుప్పెడు గవ్వలు మట్టి మీద పోసింది. నన్ను అన్నం తిన్నావా అని అడిగింది. లేదన్నాను. తినమని చెప్పి వెళ్ళిపోయింది. చెప్పాల్సిన మాట అప్పుడూ చెప్పలేదు.

ఆమె వెళ్ళాక ఒక గవ్వ తీసి నాలుకకు ఆనించాను. ఉప్పు లేదు. కడిగి తెచ్చింది.

ఆమెకు తెలుసని నాకు తెలుసు. నా మీద జాలిపడిందో, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య చిచ్చు ఎందుకనుకుందో తెలియదు. నాకు వదిన మిగిలిందంటే ఎర్రమ్మ వల్ల. ఇద్దరికీ రుణపడ్డాను. ఒకరికి చెప్పే వీలు లేదు. రెండోవారికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడ రాశాక మాత్రం ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. అంతకుమించి అడగను.

ఇప్పుడు సెలవుల్లో వెళ్ళి తూజాలకు నేనే నీళ్ళు పోస్తాను. ఆ అరుగు మీద ఎవరూ చేపల గంప దించరు.