మూత పెట్టని డ్రమ్ము

ఎండాకాలంలో మేతకు కరువు రాకుండా వరిగడ్డిని యూరియా నీళ్లతో మాగబెట్టడం పాడి రైతుల శిక్షణలో నేర్చుకున్నాను. ఆ రోజు మాన్కోలి దగ్గరి మా కొట్టంలో నీళ్లు కలిపి పెట్టి, గడ్డి మీద కప్పే తాడపత్రి కోసం భివండి వెళ్లాను. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న పెద్దామె అది ఎందుకని అడిగితే చెప్పాను.

"కలిపిన నీళ్లు ఏడున్నయి బిడ్డా?"

"డ్రమ్ముల ఉన్నయి పెద్దమ్మా."

"మూత పెట్టినవా?"

పెట్టలేదు. మధ్యాహ్నం మా పాప బర్రెలను నీళ్లకు విప్పుతుంది.

"నా బర్రె గట్లనే తాగింది" అందామె మెల్లగా. "డాక్టరు వచ్చేదాకా గూడ ఆగలే."

గడ్డిలో మాగితే మేతయ్యే యూరియా, నీళ్లుగా తాగితే బర్రెకు విషం. పాపకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సు లారీల వెనక ఆగిపోయింది. ఆమె దిగవలసిన ఊరు ఇంకా ముందుంది. అయినా నా చెయ్యి పట్టుకొని దింపి, ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది. దారి పొడుగునా నురగ కక్కుతూ పడిపోయిన బర్రే నా కళ్ల ముందు మెదిలింది.

మేం చేరేసరికి పెద్ద బర్రె డ్రమ్ములోకి తల వంచుతోంది. నేను ఆటో దిగేలోపే ఆమే పరుగెత్తి అడ్డంగా నిలబడి, రెండు చేతులతో దాన్ని వెనక్కి నెట్టింది. మూతి పొడిగానే ఉంది. అయినా కొంగుతో మళ్లీ మళ్లీ తుడిచింది. ఆమె ఏడుస్తోందని అప్పుడు చూశాను.

పేరు అడగడం మరిచాను. ఇప్పుడు ఎవరైనా గడ్డి మాగబెట్టడం నేర్పమంటే, ముందు బర్రెలను దూరంగా కట్టేసి రమ్మంటాను.