చందర్ గొంతు వెనకాల

మణుగూరులో మధ్యాహ్నం సైరన్ మోగితే గుల్నాజ్ చేతిలో పని ఆపేస్తుంది. గనిలో బ్లాస్టింగ్ చేసే వేళ అది. సైరన్ ఆగాక కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత భూమి లోపల ఎక్కడో దెబ్బ పడుతుంది. దుకాణంలో వేలాడదీసిన డోలక్‌లు ఎవరూ తాకకుండానే సన్నగా మూలుగుతాయి. ఊళ్ళో మిగతావాళ్ళు తల కూడా తిప్పరు. గుల్నాజ్‌కు మాత్రం ఆ కాసేపట్లో చందర్ లెక్కపెట్టడం వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనడు. బతికున్నప్పుడూ అనేవాడు కాదు. మూడు దగ్గరే పాటలోకి దూకేవాడు.

చందర్ పోయి పన్నెండేళ్ళు దాటింది. అతని లెక్క ఇంకా వినిపిస్తోందన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

గుల్నాజ్ నాన్న మజహర్ ముదిగొండ దగ్గర్నుంచి వచ్చి ఈ బొగ్గు ఊళ్ళో స్థిరపడ్డాడు. డోలక్‌లు, పెళ్ళి ఊరేగింపుల్లో కొట్టే మార్ఫాలు, డప్పులు బాగుచేసేవాడు. గుల్నాజ్ చిన్నప్పుడే తోలు నానబెట్టడం, తాడు బిగించడం నేర్చుకుంది. బిగించాక సరిగా పలుకుతుందో లేదో కొట్టి చూడాలి కదా, అలా కొట్టడమూ వచ్చింది. డిగ్రీలో ఉండగా చందర్, అతీక్ దుకాణానికి వచ్చారు. చందర్ గని కార్మికుడు బిక్షపతి కొడుకు. అతీక్‌ది భద్రాచలంలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. కొత్తగూడెంలో ఎవరో అమ్మేసిన పాత డ్రమ్ సెట్ ఒకటి ఆటోలో వేసుకొచ్చారు, చిరిగిన తోళ్ళు మార్పించుకుందామని. మార్చాక గుల్నాజ్ అలవాటు కొద్దీ కొట్టి చూసింది. చందర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"అన్నా, డ్రమ్మర్ కోసం హైదరాబాద్ దాక దేవులాడినం," అన్నాడు అతీక్‌తో. "ఈడ్నే ఉన్నది!"

ఆడపిల్ల ఇంత లొల్లి చేస్తే ఎలాగని బంధువులు మజహర్‌ను నిలదీశారు. "బరాత్‌ల మార్ఫా కొడితే లేని లొల్లి దీంట్ల ఏమున్నది?" అని ఆయన నవ్వేసి, కూతురికి కాలితో తొక్కే పెడల్ తానే వెల్డింగ్ చేయించి ఇచ్చాడు.

వాళ్ళు వాయించింది త్రాష్ మెటల్. గిటార్ రంపంలా కోస్తుంటే, డ్రమ్స్ పరుగెత్తుతుంటే, పాడేవాడు గొంతు చించుకొని అరిచే సంగీతం. గిటార్ అతీక్‌ది, పాట చందర్‌ది, డ్రమ్స్ గుల్నాజ్‌వి. బ్యాండుకు పెట్టుకున్న పేరు 'ఓబీ'. బొగ్గు మీదున్న మట్టినంతా తవ్వి బయట గుట్టలుగా పోస్తారే, ఆ మట్టిని గనుల ఊళ్ళలో అలాగే పిలుస్తారు. పనికిరాదని పారబోసిన మట్టి పేరు తమకు సరిగ్గా సరిపోతుందన్నాడు చందర్. మొదట చేసిన సీడీని స్నేహితులు కూడా కొనలేదు. 2011లో ఖాళీగా పడున్న ఒక కార్మికుల క్వార్టర్‌లో గోడలకు బొంతలు కట్టి రెండో ఆల్బమ్ రికార్డు చేశారు. దాని పేరు 'సైరన్ తర్వాత'. ఆ ఆల్బమ్‌తో రోజులు మారిపోయాయి. బెంగళూరులో పెద్ద వేదిక మీద, ఇక్కడి మాటల్లోనే చందర్ అరుస్తుంటే భాష తెలియని జనం కూడా వెంట అరిచారు. మెమరీ కార్డుల్లో పడి ఆ పాటలు టిప్పర్ల క్యాబిన్లలోకి, ఖమ్మం హాస్టల్ గదుల్లోకి వెళ్ళిపోయాయి. అన్నిటికన్నా ఎక్కువ తిరిగింది చివరి పాట, 'గుట్ట కింద ఊరు'.

"మట్టి మీద మట్టి వోసి మా ఊరేదని అడుగుతవా?" అని మొదలవుతుంది అది.

గుల్నాజ్‌కూ చందర్‌కూ మధ్య ఏదో ఉందని జనం అనుకున్నారు. వాళ్ళు అనుకున్నది లేదు. ఉన్నదానికి పేరు లేదు. పాట మధ్యలో ఆమె ఒక్క వెంట్రుకవాసి వేగం పెంచితే వీపు తిప్పి ఉన్న అతనికి తెలిసిపోయేది, అతను ఊపిరి తీసుకునే చోటు ఆమెకు తెలిసేది. అంతే.

2013 వానాకాలంలో పినపాక అవతల అడవిలో ఉన్న మేనత్త ఊరికి చందర్ బండి మీద బయలుదేరాడు. దారిలో వాగు కల్వర్టు మీదుగా పారుతోంది. అవతలి ఒడ్డున మేకలు కాస్తున్న మంగ్లి అనే ఆవిడ రావద్దని చేతులూపింది. అతను కూడా చెయ్యూపి, బండి దించాడు. నీళ్ళు తగ్గాక బండి దొరికింది. మనిషి దొరకలేదు. వాగు గోదావరిలో కలిసే దాకా వెతికారు.

తల్లి సమ్మక్క ఏడవలేదు. "నా కొడుకును సూపియ్యున్రి, అప్పుడు దినాలు జేస్త," అంది. బిక్షపతి ఆ బెంగతోనే పోయాడు. ఆయన దినాలు జరిగాయి గానీ కొడుకువి జరగలేదు. గుల్నాజ్ డ్రమ్ సెట్‌కు దుప్పటి కప్పేసింది. పాల్వంచలో పెళ్ళయింది, ఆ కాపురం నిలవలేదు. మజహర్‌కు పక్షవాతం వచ్చినప్పుడు తిరిగొచ్చి, ఆయన పోయాక దుకాణం తనే నడుపుకుంటోంది.

నిరుడు ఎండాకాలంలో అతీక్ వచ్చాడు. ఇప్పుడతను ఖమ్మంలో రికార్డింగ్ గది నడుపుతున్నాడు, జుట్టు సగం నెరిసింది. ముగ్గురూ కలిసి తిరిగిన రోజుల అలవాటు, ఇద్దరికీ ఉర్దూ వచ్చినా మాటలు తెలుగులోనే వస్తాయి.

"గుల్లూ, బెంగళూరు కంపెనీవోళ్ళు 'సైరన్ తర్వాత' మళ్ళ వేస్తమంటున్నరు. పాత రికార్డింగే, శుభ్రం జేసి, కొత్తగ. రీమాస్టర్ అంటరు."

"మంచిదే గద. వెయ్యమను."

"ఒక్క కష్టం వచ్చింది." అతీక్ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "వరదప్పుడు భద్రాచలంల మా ఇల్లు మునిగింది చూడు, హార్డ్‌డిస్క్ బురదల దొరికింది. అన్నీ తీసిన. ఆఖరి పాటల నీ డ్రమ్స్ మాత్రం రాలేదు. చందర్ గొంతున్నది, గిటార్ ఉన్నది. నువ్వే లేవు."

ఆమె చేతిలోని తాడు వదల్లేదు. "పాత సీడీల నుంచి తీసుకోరాదు?"

"దాంట్ల అన్నీ కలిసిపోయి ఉన్నయ్. నువ్వొచ్చి మళ్ళ కొట్టాలె. వాని గొంతు మీద."

"నాతోని కాదు, భాయ్."

అతీక్ బలవంతం చేయలేదు. వెళ్ళేముందు మాత్రం, "వేరే ఎవర్నన్న పిలుస్త మరి. కొట్టెటోళ్ళు మస్తుమంది దొరుకుతరు," అన్నాడు. ఆ మాటే ఆమెను నిలవనివ్వలేదు. చందర్ వెనకాల ఇంకెవరో కూర్చోవడం కళ్ళ ముందు కదిలింది. ఇంటికెళ్ళి దుప్పటి తీసింది. చెద పట్టలేదు గానీ తోళ్ళు వదులైపోయాయి. వాటిని బిగించడానికే సాయంత్రమైంది.

వారాల తరబడి సాధన చేసి, ఆమె ఖమ్మం బస్సెక్కింది. అతీక్ గదిలో అద్దం అవతల అతను, ఇవతల ఆమె. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పాట కన్నా ముందు గది వినిపించింది, అప్పటి క్వార్టర్ గది. బొంతల మధ్య ఎవరో కాలు కదిపిన చప్పుడు. తర్వాత ఒక దగ్గు. పొడిదగ్గు, దుమ్ములో పెరిగిన వాళ్ళందరికీ ఉండేలాంటిదే. ఆ వెంటనే, చెవి పక్కనే నిలబడి అన్నట్టుగా, "ఒకటి, రెండు, మూడు..."

గుల్నాజ్ చేతులు లేవలేదు. పాట ఆమెను వదిలి వెళ్ళిపోయింది.

అతీక్ ఆపాడు. "ఛాయ్ తెప్పియ్యాల్నా?"

"వద్దు. మళ్ళ పెట్టు."

రెండోసారి అందుకుంది. మొదటి చరణం సాఫీగానే నడిచింది. శరీరానికి అన్నీ గుర్తున్నాయి, ఎక్కడ స్నేర్ డ్రమ్మును విరగ్గొట్టినట్టు కొట్టాలో, ఎక్కడ రెండు కాళ్ళూ కలిపి తొక్కాలో. కానీ చివర్లో చందర్ ముందుకెళ్ళిపోయాడు. ఎంత కొట్టినా అతని మాట ఆమె దెబ్బ కన్నా ముందే పడుతోంది. మళ్ళీ వాయించింది, మళ్ళీ అదే. మోచేతులు మండాయి, ఊపిరి అందలేదు. అప్పట్లో చివరికొచ్చేసరికి ఆమే వేగం పెంచేది, అతను వెంట పరుగెత్తేవాడు. అతను ఇప్పటికీ ఆ ఇరవై ఏళ్ళ పిల్ల వెనకాలే పరుగెడుతున్నాడు. ఆ పిల్ల రికార్డులో లేదు. ఎటు పోయిందో గుల్నాజ్‌కూ తెలియదు.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వాటిలోంచి అతని గొంతు ఇంకా సన్నగా వస్తూనే ఉంది. అద్దం అవతల అతీక్ తల వంచుకున్నాడు.

"గుల్లూ, పరేషాన్ గాకు. కంప్యూటర్ల జరుపుత. నీ దెబ్బలు కొంచెం ముందుకు, లేకుంటే వాని గొంతు కొంచెం ఎనుకకు. ఎవరికీ తెల్వది."

"వాని గొంతు ముట్టకు."

"అయితే నీ దెబ్బలు జరుపుత."

"అదీ వద్దు. అప్పటి లెక్క నేనిప్పుడు కొడ్తనా? వాడు ముందు పోతే పోనియ్. నేను ఎనుకనే వస్త."

అలా ఒకే ఒక్కసారి, పట్టుకోవాలని చూడకుండా వాయించింది. చివరి వరసల్లో ఆమె చేతులకూ అతని మాటలకూ మధ్య సన్నని సందు పడింది. పోను పోను అది పెద్దదైంది. అతను ముగించి ఆగిపోయాక కూడా ఆమె దెబ్బలు కొన్ని ఒంటరిగా వచ్చి చేరాయి. అతీక్ దాన్ని అలాగే పంపాడు. బెంగళూరు వాళ్ళు ముందు అభ్యంతరం చెప్పారు, తర్వాత ఒప్పుకున్నారు.

కార్తీకంలో ఆల్బమ్ వచ్చింది. పాత అభిమానులు ఆ చివరి పాట గురించి వాదించుకున్నారు. కొందరు పాడుచేశారన్నారు. ఒకతను మాత్రం రాత్రి బండి నడుపుతూ వినలేకపోయానని, పక్కకు ఆపుకోవాల్సి వచ్చిందని రాశాడు. గుల్నాజ్ అవన్నీ ఫోన్‌లో చూసి ఊరుకుంది. సమ్మక్కకు వినిపించే పని తనదే అనిపించి, ఒక పొద్దున వాళ్ళింటికి వెళ్ళింది.

సమ్మక్క వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. పాత సీడీని ఆమె ఎన్నిసార్లు వినిపించుకుందో లెక్క లేదు. ఆ అరుపుల్లో కొడుకు మాటలు వెతుక్కునేది. ఇప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని కదలకుండా వింది. మొదట్లోనే చెయ్యెత్తి ఆపమంది.

"గా దగ్గేంది?"

"చందర్‌దే, పెద్దమ్మా."

"నాకు తెల్వదా వానిదని? పాత దాంట్ల ఈ దగ్గు లేకుండె." ఆమె చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. "ఇది కొత్తగ పాడిండు. ఏడున్నడు బిడ్డా? రొమ్ము పట్టింది వానికి, ఇంటున్నవా? ఏడున్నడో చెప్పు, నేను వోత."

గుల్నాజ్ కింద పడ్డ చిక్కుడుకాయ తీసి చేటలో వేసింది. ఆ దగ్గు అప్పుడూ ఉందని, మిగతా చప్పుళ్ళ కింద పడి ఇన్నాళ్ళూ వినిపించలేదని, ఇప్పుడు శుభ్రం చేస్తే బయటపడిందని, చేతనైనంత నెమ్మదిగా చెప్పింది. సమ్మక్క ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"అంటే పాతదే?"

"అవ్, పెద్దమ్మా. గప్పటిదే."

"నువ్వు కొట్టింది?"

"నాది ఇప్పటిది."

సమ్మక్క పాటను మళ్ళీ పెట్టించుకుని, ఈసారి చివరిదాకా వింది. అంతా అయ్యాక చిక్కుళ్ళ చేట పక్కకు నెట్టి లేచింది. "వాడు గాడ్నే ఆగిండు, నువ్వొక్కదానివే వస్తున్నవు. గట్లయితే నాకు ఆ వాగు సూపియ్," అంది.

పన్నెండేళ్ళలో ఆమె ఆ దిక్కుకు ముఖం కూడా తిప్పలేదు. చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చినా చుట్టు తిరిగి వెళ్ళిన మనిషి. గుల్నాజ్ ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరింది. పినపాక దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళారు. టేకాకులు రాలి దారి పొడుగునా పడున్నాయి. చలికాలం కావడంతో వాగులో నీళ్ళు పాదాలు కూడా మునగనంతే ఉన్నాయి, అడుగున ఇసుక కనిపిస్తోంది. కల్వర్టు చూసి సమ్మక్క నమ్మలేకపోయింది.

"గీ జర్రంత నీళ్ళా?"

"గప్పుడు ఒడ్డుదాక ఉండె."

చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని ఆమె వాగులోకి దిగింది. మధ్యలో నిలబడి, ఎగువకు కాదు, గోదావరి వైపుకు తిరిగింది. పొద్దు వాలాక ఆడుకుంటున్న పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టు, కొంచెం కోపంగా, కొంచెం విసుగ్గా పిలిచింది.

"చందరూ! ఓ చందరూ!"

అవతల చెట్ల మీది కొండముచ్చులు అటూ ఇటూ గెంతి సద్దుమణిగాయి. ఆమె ఇంకోసారి పిలిచి, తల ఒక పక్కకు వంచి వింది. ఇంటి దగ్గర ఫోను విన్నట్టే వింది. ఒడ్డున నిలబడ్డ గుల్నాజ్ కూడా ఊపిరి బిగబట్టింది. ఏదో జవాబు వస్తుందని ఆమె నిజంగానే అనుకుంది. తర్వాత అతీక్‌కు చెప్పినప్పుడు కూడా ఆ మాట దాచలేదు.

సమ్మక్క వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుంది. మొక్కుతుందేమో అనుకుంది గుల్నాజ్. ఆమె ముఖం కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"ఈ వారంల దినం జేద్దాం," అంది ఒడ్డుకు వస్తూ. "నువ్వు రావాలె. అతీక్‌ను గూడ రమ్మను. నా కొడుక్కు చాపల పులుసంటే పానం."

ఆటో దాకా నడుస్తున్నంతసేపూ ఆమె ఎవరెవర్ని పిలవాలో చెబుతూనే ఉంది. గుల్నాజ్ అన్నిటికీ తలాడించింది. మలుపు దగ్గర సమ్మక్క ముందు నడుస్తుండగా గుల్నాజ్ ఆగి, వెనక్కి తిరిగి వాగువైపు చూసింది. నీళ్ళు కదులుతున్నట్టే లేవు. అయినా కాసేపు అక్కడే నిలబడిపోయింది, ముందు నుంచి సమ్మక్క జల్దీ రమ్మని పిలిచేదాకా.