సరిత ‘ఉంటా మరి’ అంటే ఉంటుంది

మా సరితకు ఫోను పెట్టేసే అలవాటు లేదు. లోకంలో అందరూ ‘ఉంటా మరి’ అని వెళ్లిపోతారు. ఆమె ‘ఉంటా మరి’ అని ఉంటుంది.

నానక్‌రామ్‌గూడలో ఒక ఆసుపత్రి ఆఫీసులో కూర్చుని, ఎవరిళ్లలో వాళ్లం పనిచేసే మా పన్నెండు మందిని నడిపిస్తుంది. డిశ్చార్జి అయిన రోగులకు ఫోన్ చేసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గుర్తుచేయడం మా పని. అందరిలో పెద్దవాణ్ణి నేనే. ఊరి బడిలో చదివి, ముప్పై నాలుగేళ్లు కాంపౌండరుగా చేసి, ఇద్దరు కలెక్టర్ల చేత శాలువాలు కప్పించుకున్నవాణ్ణి.

రోజూ తొమ్మిదిన్నరకు వీడియో మీటింగు. పది నిమిషాల్లో పని మాటలు అయిపోతాయి. అందరం మాయమవుతాం. ఆమె ముఖం తెర మీద అలాగే ఉంటుంది. ఒకసారి మాలో కుర్రవాడు వినయ్ ఇరవై నిమిషాల తర్వాత పొరపాటున మళ్లీ లోపలికి వచ్చాడట.

“మేడం, ఇంకా ఉన్నరా?”

“ఉంటా అని చెప్పిన కద.”

బటన్ దొరకడం లేదేమోనని నేనే రెండుసార్లు చూపించాను. “ఎర్రది బిడ్డా, కింద.” “మంచిది కాకా” అంది. నొక్కలేదు.

మొన్న సోమవారం పొద్దున జీడిమెట్ల కొమురయ్యకు షుగర్ మాత్ర మూడు పూటలా వేసుకోమని చెప్పాను. మీటింగులో ఆయన మందుల కాగితం చూస్తే ఒక్క పూటే అని ఉంది. మధ్యాహ్నం ఇంకోటి వేసుకుంటే మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. చెప్పాలి. తెర మీద ఇన్ని ముఖాలు. శాలువాల సంగతి వీళ్లందరికీ నేనే చెప్పి ఉన్నాను.

“ఉంటా మరి” అంది సరిత. అందరూ వెళ్లారు. నేను వెళ్లలేదు.

“ఏం కూర కాకా ఇయ్యాల?”

“సొరకాయ.”

“పాలు పోసి వండిన్రా?”

“పోసిన్రు.”

“లేతదేనా?”

“లేతదే.”

కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఇగ చెప్పుండ్రి కాకా. సొరకాయ మీద నాకొచ్చిన ప్రశ్నలు అయిపోయినయి. మన మమత గిట్లనే ఏదో చెప్పనీకి ఆగిననాడు బెండకాయ మీద ముప్పావు గంట మాట్లాడిన.”

చెప్పాను. ఆమె నన్ను లైనులో ఉంచే కొమురయ్య ఇంటికి ఫోన్ కలిపింది. ఆయన భార్య ఎత్తింది. మధ్యాహ్నం మాత్ర వేయొద్దని చెప్పింది సరిత.

“పొద్దటిదే ఏసుకోలేదమ్మా. ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి మస్తు చెప్పిండట. సగం శాలువల ముచ్చటేనట. మందు సంగతి మళ్ల అడుగుదమని కూసున్నడు.”

సరిత రోజుకు ఒక్కటేనని ఆమె చేత రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

“కాకా, రేపటి నుంచి కొత్తోళ్లకు మీరే నేర్పాలె.”

“తప్పు చేసినోణ్ని, నేనా?”

“తప్పు అందరం చేస్తం. అదే పూట చెప్పినోళ్లు మీరొక్కరే.”

ఆలోచించి చెబుతానన్నాను. అడగ్గానే ఒప్పుకుంటే బాగుండదు కదా.