తేర్చిన నూనె

మాది వన్ టౌన్‌లో నువ్వుల నూనె కొట్టు. నూనె పారబొయ్యడమన్నది మా ఇంటా వంటా లేదు. పీపా అడుగున మిగిలిన మడ్డిని సీసాల్లో పోసి కదపకుండా ఉంచితే నాలుగు రోజులకి పైన తేట తేరుకునేది. తేట మళ్ళీ పీపాలోకి, అడుగున మిగిలిన మడ్డి దీపాలకి. అమ్మేవాడి మాట నమ్మకూడదని కూడా ఆ కొట్లోనే నేర్చుకున్నాను. అమ్మేవాళ్ళం మేమే కదా.

ఈ రెండు విద్యలతోనే ఎనభైల మొదట్లో కంచరపాలెంలో ఫ్రిజ్ మెకానిక్కునయ్యాను. ఓడల పాత సామాన్లు అమ్మేచోట అరపూట బేరమాడి వ్యాక్యూమ్ పంపు ఒకటి సంపాదించాను. ఫ్రిజ్‌లోకి గ్యాసు ఎక్కించే ముందు దాని గొట్టాల్లోని గాలినీ చెమ్మనీ పీల్చెయ్యాలి. పంపు పని అదే. పీల్చిన చెమ్మంతా పంపు పొట్టలోని నూనెలో చేరుతుంది గనక ఆ నూనె మారుస్తూ ఉండాలి. కంప్రెసర్ కాలిపోయిన ఫ్రిజ్‌ని పీలిస్తే ఆ రోజే మార్చాలి. ఈ సంగతి నాకు చెప్పినవాడు పంపు నూనె అమ్మే షాపాయన. నూనె మార్చమని నూనె అమ్మేవాడు కాక ఇంకెవడు చెబుతాడు?

అందుకని నేను మార్చలేదు. తేర్చాను. నల్లగా దిగిన నూనెని సీసాలో పోసి, నాలుగు రోజులు కిటికీలో పెట్టి, పైనున్నది వంచుకుని మళ్ళీ పంపులో పోసుకున్నాను. అలా ఎన్ని ఫ్రిజ్‌లు లాగించానో! షాపాయన్ని ఓడించానని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

మల్కాపురం రోడ్డు మీద ఒకావిడ కూల్‌డ్రింకులూ బజ్జీలూ అమ్మేది. అక్కలాంటిదని అప్పా అని పిలిచేవాణ్ణి. కూడబెట్టుకున్న డబ్బుతో పాత ఫ్రిజ్ కొనుక్కుంది. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు చల్లటి సీసా కోసం ఆగి, ఆగారు గనక బజ్జీలు తినేవారు. ఆ వేసవిలో ఎదురుగా ఐసు పెట్టెతో ఇంకో కొట్టు వెలిసింది. సరిగ్గా అప్పుడే ఆమె ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయింది. నేను కొత్తది బిగించి గ్యాసు ఎక్కించాను. పొద్దున్న చల్లగా ఉండేది, మధ్యాహ్నానికి చల్లదనం చచ్చేది. మళ్ళీ పీల్చి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ అంతే.

మూడోసారి వెళ్ళేసరికి ఆమె నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"ఏటి బాబూ, ఫ్రిజ్జు బాగుసేత్తన్నావా, నాతో ఆడుకుంటన్నావా? షిఫ్టోళ్ళంతా రోడ్డు దాటి ఎల్లిపోతన్నారు. రేపు రెండు గంటలకి సీసా సల్లగా నేకపోతే ఈ కొట్టు మూసెత్తాను, సూడు."

ఆగిపోయిన ఫ్రిజ్ వెనక సన్న గొట్టం చివర వేణ్ణీళ్ళలో ముంచిన గుడ్డ పెట్టాను. సుయ్‌మని చప్పుడై మళ్ళీ పని మొదలెట్టింది. అంటే లోపల చెమ్మ ఉంది, అది గడ్డకట్టి దారి మూస్తోంది. రెండుసార్లు పీల్చినా చెమ్మెలా మిగిలిందో పంపునే అడగాలి. కొట్టు వెనక నీడలో దాని మూత విప్పాను.

ఆ కంపు ఇప్పటికీ రాయలేను. కుళ్ళిన చింతపండులో కాలిన వైరు ముంచినట్టు. నూనె నూనెలా లేదు, విరిగిన మజ్జిగలా తెల్లగా, మధ్యలో నల్లటి చారలు. చక్రంలో కదలాల్సిన రేకులు జిగురులో ఇరుక్కుపోయి ఉన్నాయి. వేలితో తీస్తే చీమిడిలా సాగింది. తరవాత నేను చేసిన పని తల్చుకుంటే వాంతి వస్తుంది. మా కొట్లో నూనె ఎలా ఉందో తెలియాలంటే వేలికి రాసుకుని వాసన చూసి నాలికకి తగిలిస్తాం. నా వేలు నన్నడగకుండానే నోట్లోకి వెళ్ళింది.

నాలిక చుర్రుమంది. ఉమ్మాను, మళ్ళీ ఉమ్మాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి పంపులోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

"ఓలమ్మో! ఎన్నాళ్ళ నూనెరా నాయనా ఇది?"

"తేర్చిందే అప్పా," అన్నాను.

"తేర్చీసేవా! నానైతే రెండోనాటికి బజ్జీల నూనె పారబోసెత్తాను. నా నూనె బాగోనేదని తిట్టుకునే కుర్రోళ్ళ అదురుట్టం, నీకాడ బజ్జీలు నేవు."

నవ్వుదామనుకున్నాను. మళ్ళీ ఉమ్మాల్సొచ్చింది.

బస్సెక్కి వన్ టౌన్ వెళ్ళి రెండు డబ్బాలు పంపు నూనె అడిగాను. షాపాయన చెప్పిన ధర ఇచ్చేశాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తాడు.

"ఏటి బావా, ఒంట్లో బాగోనేదా? బేరం ఆడనేదేటి?"

"నాలిక కాలింది," అన్నాను. నిజమే కదా. కిరసనాయిలుతో కడిగేస్తే చాలదా అని మాత్రం అడక్కుండా ఉండలేకపోయాను. దాని ఆవిరి లోపల ఉండిపోయి పంపు పీల్చనివ్వదు, కొత్త నూనెతోనే కడగమన్నాడు. ఆయన చెప్పిన మాట మొదటిసారి నమ్మాను.

మల్కాపురం తిరిగి వచ్చి, పీచు రాలని గుడ్డతో ఒక్కో రేకూ తుడిచాను. జిగురు గోళ్ళ కిందికి దూరింది, మణికట్టు దాకా పాకింది. ఒక డబ్బా పోసి, పంపు కాసేపు తిప్పి, వేడి మీదే దించాను. బూడిదరంగు నీళ్ళలా దిగింది. బంగారంలాంటి నూనె అలా పారుతుంటే నా ప్రాణం పారుతున్నట్టే ఉంది, అయినా సీసా పట్టలేదు. రెండో డబ్బా పోసి తిప్పాక పంపు పక్కనున్న చిన్న గాజు కిటికీలోంచి చూస్తే తేనెలా మెరిసింది. అప్పుడు ఫ్రిజ్‌కి తగిలించి, పొద్దువాలేదాకా పీల్చనిచ్చి, గ్యాసు ఎక్కించాను. ఆ పూట అన్నం కలపబోతే వేళ్ళ దగ్గర అదే కంపు. చెంచాతో తిన్నాను.

మర్నాడు ఒంటిగంటకే వెళ్ళి ఫ్రిజ్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. రోజూ అది ఆగే వేళ వచ్చింది, దాటింది. ఆగలేదు. రెండింటికి షిఫ్టు దిగినవాళ్ళలో ఇద్దరు రోడ్డు దాటబోతూ, ఆమె తీసిన సీసా మీద చెమట చూసి వెనక్కి తిరిగారు. వాళ్ళ వెనక మిగతావాళ్ళు. ఆమె బజ్జీల మూకుడు పొయ్యి మీదకెక్కించి, ఇంకో సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది.

"తాగు బాబూ. ముందు నోరు కడుక్కో దీంతో."

గుక్క తాగాను. కాలిన నాలిక్కి తీపీ తెలియలేదు, గ్యాసూ తెలియలేదు. చల్లటి పంపు మడ్డి తాగినట్టే ఉంది. కానీ ఊరికే ఇచ్చింది కదా, చుక్క మిగల్చలేదు.