నరసాయమ్మ పిన్ని మొదటి మాట

మా నరసాయమ్మ పిన్నిని ఏదడిగినా ముందు వచ్చే మాట "కుదరదు". వెంటనే రెండోది, "కారణం?" కారణం చెబితే ఇస్తుంది. చెప్పకపోతే దేవుడు దిగొచ్చినా చెంచాడు పులుసు పుట్టదు.

ఈ అరబ్బు దేశంలో, హిద్ అనే ఊళ్ళో, ఒకే ఫ్లాట్‌లో ఏడుగురు ఆడవాళ్ళం ఉంటాం. వంట పిన్నిది.

"అక్కా, ఇంకో చేప ముక్క," అనేది నిజామాబాద్ గౌరవ్వ.

"కుదరదు. కారణం?"

"పొద్దుగాల నుంచి డ్యూటీ జేసచ్చిన. ఆకలైతుంది. ఇంకేం కారణం గావాలె నీకు?"

"ఇది చాల్లే. పట్టు."

ఒకసారి గ్యాసు తెచ్చిన భాయ్ గుమ్మంలో నిలబడి లోపలికి రానా అన్నాడు.

"కుదరదు. కారణం?"

"సిలిండర్ భుజమ్మీదుంది బాజీ!"

ఆలోచించి మరీ దారిచ్చింది.

నాకీ బాధ లేదు. నేనసలు అడిగితేగా! తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పుడు నోరు కూడా అక్కడే వదిలేసొచ్చానని మా అమ్మ అంటుంది. పిన్ని గరిటె పట్టుకుని నా ఎదురుగానే నిలబడేది. నేను ఉత్త అన్నం మింగి లేచిపోయేదాన్ని. ఆవిడ పళ్ళు నూరేది.

ఇంతలో మా క్లీనింగ్ కంపెనీకి కాంట్రాక్టు పోయింది. రేపట్నించి రావద్దని సూపర్‌వైజర్ ఫోన్లో వాయిస్ పంపాడు. పని పోయినవాళ్ళకి కొన్నాళ్ళు భృతి ఇస్తారని గౌరవ్వ చెబితే అర్జీ పెట్టాను. అది రాకపోతే ఇంకో పని దొరికేదాకా ఇక్కడ నిలబడలేను. సామాన్ సర్దుకోవడమే.

ఏమైందో కనుక్కుందామని ఆ భృతి ఆఫీసుకి వెళితే, కౌంటర్ దగ్గర మేడం కంప్యూటర్ చూసి, రాదంది. తలూపి వచ్చేశాను.

"ఎందుకు రాదంట?" అంది పిన్ని.

"అడగలేదు."

"అడగలేదా!" గరిటె సింకులో పడింది. "ఏవే సాయికుమారీ, కాదన్నవాళ్ళని కారణం అడక్కుండా వచ్చేస్తావా? రేపు మళ్ళీ వెళ్ళు. కనుక్కోకుండా వచ్చావో, తలుపు తియ్యను."

తియ్యదని నాకు తెలుసు. మర్నాడు అదే కౌంటర్‌కి వెళ్ళాను. మేడం మళ్ళీ రాదంది. కాళ్ళు వెనక్కి తిరిగిపోతుండగా నా నోట్లోంచి పిన్ని మాట ఊడిపడింది.

"కారణం?"

అరకొర హిందీలోనే అయినా గట్టిగానే వచ్చినట్టుంది, హాలంతా ఇటు తిరిగింది.

"నువ్వే మానేశావని కంపెనీ రాసిందమ్మా."

ఫోను కౌంటర్ మీద పెట్టి నొక్కాను. రేపట్నించి రావద్దంటూ సూపర్‌వైజర్ గొంతు మోగింది. మేడం రెండోసారి వినిపించమంది. విని, అప్పీలు ఎలా పెట్టాలో దగ్గరుండి చూపించింది.

కొన్ని వారాలకి భృతి వచ్చింది. ఆ సాయంత్రం గౌరవ్వ పళ్ళెం పట్టుకుని లేచింది.

"నర్సక్కా, పిల్లకు నోరచ్చింది. ఇగనన్న మమ్ముల ఇడిశిపెట్టు!"

నాకర్థం కాలేదు. గౌరవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు రాకముందు గీమె గిట్ల లేకుండె బిడ్డా. అడగకముందే పెట్టేది. ఈ పరీక్ష నీకొక్కదానికే పెడితె సిగ్గుపడ్తవని, మాకందరికీ పెట్టింది. నీ నోరు తెరిపియ్యనీకె మా నోళ్ళు కట్టేసింది!"

పిన్ని ఆ మాటలు వినపడనట్టు చేపలు తిరగేస్తోంది.

"పిన్నీ, ఇకనించి అడగ్గానే పెడతావా?" అన్నాను.

"కుదరదు."

"కారణం?"

పిన్ని చేపలొదిలి ఇటు తిరిగింది.

"అలవాటైపోయిందే!" అంటూనే పెద్ద ముక్క తెచ్చి నా పళ్ళెంలో వేసింది.