అడిగి ఆగే ఆర్తెమియో

మా తాత ఆర్తెమియోకి ఒకటే జబ్బు. రేడియోలో ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగుతాడు.

ఎదురుగా ఎవరూ లేరని తెలియక కాదు. మా ఊరు సాన్ హిలార్యో రేడియోలో పొద్దుటి కార్యక్రమం ఏళ్ళ తరబడి ఆయనదే. "ఉర్సులా అత్తా, మోకాలెలా ఉంది?" అంటాడు, అప్పుడే పడవను ఒడ్డుకు లాగి వచ్చినవాడిలా అలసిపోయిన గొంతుతో. ఇక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఓ మనిషి కాఫీ కాచుకుని తాగేయొచ్చు. చివరికి "ఊఁ, అలాగా" అని తలాడించి, "అయితే కొబ్బరినూనె వెచ్చచేసి రాసుకో" అంటాడు. ఉర్సులా అత్త ఉండేది సముద్రపు పాయ అవతల దీవిలో. రేడియోలో తలాడిస్తే ఎవరికి కనపడుతుందో ఆయన్నే అడగాలి.

అసలా స్టేషనే నీరసంగా పుట్టింది. ఎండుకొబ్బరి వర్తకుడు దోన్ సెవెరీనో, తన ధర పక్కవర్తకుడి ధర కంటే ముందు జనం చెవిన పడాలని, ఎందుకూ పనికిరాని చిత్తడి నేలలో ఒక రేడియో స్తంభం పాతించాడు. ఏ.ఎం. రేడియోకి తడినేల మంచిదట. మేకలకీ మంచిదే, అవి అక్కడే ఉంటాయి. తుఫాను పడగొట్టినప్పుడల్లా స్తంభాన్ని మళ్ళీ లేపారు, లేపినప్పుడల్లా అది కాస్త పొట్టిదయింది. దోన్ సెవెరీనో పోయాక ఇదంతా ఆయన భార్య దోన్యా విసితా నెత్తిన పడింది. స్తంభానికి తుప్పు, జనరేటరుకి దగ్గు, వీటికి తోడు మా తాత.

మొదట్లో ఎక్కువ బాధపడ్డవాడు మెకానిక్ తిబుర్స్యో. మాట ఆగగానే యంత్రం చచ్చిందనుకుని, బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తి దాన్ని ఒక్కటి చరిచేవాడు. సరిగ్గా అప్పుడే తాత "అలాగా" అనేవాడు. తనది మంచి హస్తవాసి అని తిబుర్స్యో చాలాకాలం నమ్మాడు.

ఇంట్లో మాత్రం ఈ జబ్బు పూర్తిగా నయమయ్యేది. "తిన్నావా?" అని నానమ్మను అడిగి, ఆవిడ నోరు తెరిచేలోగా వీధిలో ఉండేవాడు. తనను కూడా రేడియోలోంచే అడగమని, అప్పుడైనా జవాబు దాకా ఆగుతాడని నానమ్మ దెప్పేది.

చివరికి నడుంనొప్పి తైలం కంపెనీ ఏజెంటుకి ఒళ్ళు మండింది. స్టేషన్‌కి ఉన్న ఒకే ఒక్క ప్రకటనదారు వాళ్ళే. తాము కొన్నది మాటలున్న సమయమని, ఈ మౌనాలు మానకపోతే ప్రకటనలు మానేస్తామని దోన్యాకి ఫోన్ చేసి చెప్పాడు. ప్రకటనలు లేకపోతే డీజిల్ లేదు. డీజిల్ లేకపోతే ఆ చిత్తడిలో మిగిలేది మేకలే.

దోన్యా తాతను పిలిపించింది. "ఆర్తెమియో, నాకు ఓపిక లేదయ్యా. స్తంభంతో పడుతున్నాను, తుఫాన్లతో పడుతున్నాను. నీతో కూడా పడలేను. రేపట్నించి ఆ కుర్రాడు రోమ్‌నిక్ మాట్లాడతాడు."

"మీ ఒంట్లో బాగుందా?" అని అడిగి, తాత ఆగాడు.

ఆవిడ తలుపు చూపించింది.

రోమ్‌నిక్ ఊపిరి ఎప్పుడు తీసుకునేవాడో ఎవరికీ తెలీదు. జోకు తనే వేసి, తనే నవ్వి, ఆ నవ్వు మీదుగానే తైలం అమ్మేవాడు. ఏజెంటు మురిసిపోయాడు. వారం తిరక్కుండానే దోన్యా ఇంటి వరండా ముసలివాళ్ళతో నిండిపోయింది. ఉర్సులా అత్త పడవ దిగి, తడిసిన గౌను పిండుకుంటూ అందరికంటే ముందు కూర్చుంది.

"ఆ పిల్లాడు మమ్మల్ని మాట్లాడనివ్వట్లేదు," అంది.

దోన్యా తల పట్టుకుంది. "రేడియోతో మీరేం మాట్లాడతారత్తా? ఆర్తెమియోకి వినపడదు కదా."

"వినపడదని తెలుసులే. నాకు పోయింది మోకాలు, మతి కాదు. నువ్వు నీ వంటమనిషితో చెప్పేవన్నీ ఆవిడకి వినపడుతున్నాయా?"

ఆ వంటమనిషికి బ్రహ్మచెవుడని ఊరంతా ఎరుగుదురు.

ఆ సాయంత్రం దోన్యా మా ఇంటికి వచ్చింది. తాత గుమ్మంలో కూర్చుని చేపల పొలుసు గీస్తున్నాడు. రేడియోలో మేయరునీ చర్చి ఫాదర్‌నీ పలకరించవట, ఎందుకని నిలదీసింది.

"వాళ్ళని అడిగేవాళ్ళున్నారు కదమ్మా," అన్నాడు తాత. "నేను ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్ళనే అడుగుతాను. పొద్దున్నే ఒక్క మాటైనా పైకి అనకపోతే గొంతు బిగుసుకుపోతుంది."

దోన్యా కాసేపు చేపల వంక చూసింది. "మా ఆయన పోయి ఆరేళ్ళు. నన్నొక్కనాడూ అడగలేదే?"

తాత ఇబ్బందిగా నవ్వాడు. "జవాబు చెప్పాలంటే రేడియో పెట్టుకోవాలి కదమ్మా. మన స్టేషన్ మీరెప్పుడు విన్నారు గనక?"

లోపల వంటింట్లో నానమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

సోమవారం పొద్దున్నే తాత మళ్ళీ మైకు ముందు కూర్చున్నాడు. రోమ్‌నిక్‌ని మధ్యాహ్నం పాటలకి మార్చారు. దోన్యా అన్నం పళ్ళెం పక్కన చిన్న రేడియో పెట్టుకుంది.

"దోన్యా విసితా, తిన్నారా?" అంది అలసిన గొంతు. ఇక నిశ్శబ్దం.

ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. ఇంకా లేదంది. ఎండుచేప మరీ ఉప్పగా ఉందంది. మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని, మెల్లగా మొదలుపెట్టి గొంతు పెంచుకుంటూ పోయింది.

ఫోన్ మోగింది. ఏజెంటు.

"వింటున్నారా మేడమ్? మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్క మాట లేదు."

"కాస్త ఆగండి," అంది దోన్యా. "నేను మాట్లాడుతున్నాను."