ఆయన తీసుకుపోయిన చైను

మా పాప సైకిలు చైను మాటిమాటికీ జారిపోతుంటే, హిందూపురంలో పాత సామాన్ల అంగడికి పోయి ఒక చైను, ఫ్రీవీలు కొన్నాను. రెండూ కలిపి కొత్త చైను ధర కంటే తక్కువకే వచ్చాయి. ధర్మవరం బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని, మంచి బేరం తగిలిందని మురిసిపోతూ కూర్చున్నాను.

సోమందేపల్లిలో నాకంటే కాస్త పెద్దవాడు ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"యాడ కొంటివప్పా?" అంటూ చైను చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో లింకునూ వేళ్లతో వంచి చూస్తూ ఒకచోట ఆగాడు.

"ఈడ చూడు, నెర్రె ఇచ్చిండాది. ఎవురికిది?"

"మా పాపకు, అన్నా. బడికి పోతాది."

ఆయన ఆ నెర్రె మీద బొటనవేలు పెట్టి అదిమాడు.

"మా పాపకూ ఇట్లనే, అగ్గవకు వచ్చిందని పాత చైను తెచ్చి నేనే ఏసినా. హైవే దాటేటప్పుడు తెగిపాయ. పాప నడిరోడ్డులో నిలబడిపాయ. లారీ వస్తాండె."

అక్కడితో ఆపి, చైనును చుట్టగా చుట్టి తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

పెనుకొండలో ఆయన లేచాడు. చైను ఇంకా ఆయన దగ్గరే ఉంది. నేను చెయ్యి చాపాను.

"ఇది నీకియ్యనప్పా. ఏమీ అనుకోవద్దు," అని దాన్ని పిడికిట్లో బిగించి దిగిపోయాడు. నేను ఆపలేదు.

ధర్మవరంలో బేరమాడకుండా కొత్త చైను కొన్నాను. మరుసటి రోజు పాప బడికి బయలుదేరితే, రోడ్డు దాటేదాకా వెనకే పరిగెత్తాను.

"ఎందుకు నాయనా, ఎనకాలే వస్తాండావు?" అంది.

ఇప్పటికీ చెప్పలేదు.